అందం కోసం వేయించుకునే సూదులు: ఇంటివారు తెలుసుకోవలసిన సంగతులు

వికారాబాద్, తాండూరు మీదుగా పోయే రైళ్ళలో ప్రయాణించేవారు ట్రాన్స్‌జెండర్ స్త్రీలను చూసే ఉంటారు. మోమిన్‌పేట్‌లో కొత్త దుకాణం తెరిచినా, ఇంట్లో పెళ్ళి జరిగినా వారు వచ్చి దీవించి డబ్బులు అడుగుతారు. మనవాళ్ళు హిజ్రాలు అని పిలుస్తారు. ఇంకా కొన్ని తిట్టు మాటలు కూడా ఉన్నాయి, వాటిని ఇక్కడ రాయను. 2011 జనాభా లెక్కల్లో ఆడ, మగ కాక "ఇతరులు" అని రాయించుకున్నవారు దేశం మొత్తం మీద సుమారు 4 లక్షల 88 వేల మంది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43 వేలకు పైగా ఉన్నారు. ప్రతి ఒక్కరూ ఏదో ఒక ఇంటి బిడ్డే. ఆ ఇల్లు మీదే కావచ్చు, మీ అన్నదో అక్కదో కావచ్చు.

శరీరం స్త్రీ శరీరంలా కనిపించాలని వీరిలో కొందరు చెంపలకు, పెదవులకు, రొమ్ములకు, తుంట్లకు, పిరుదులకు సూదులు వేయించుకుంటారు. ఆ సూదుల వల్ల కలిగే అపాయం ఏమిటో, అపాయమని తెలిసీ ఎందుకు వేయించుకుంటారో, ఇంటివారు ఏం చేయాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఫిల్లర్ అంటే ఏమిటి?

చర్మం కింద పూడ్చి, గుంటలుగా ఉన్నచోట నిండుగా కనిపించేలా చేసే మందును ఫిల్లర్ అంటారు. చర్మవైద్యులు, ప్లాస్టిక్ సర్జన్లు ఎక్కువగా వాడేది హయలురోనిక్ యాసిడ్ అనే జిగురు పదార్థం. ఇది మన శరీరంలో సహజంగానే ఉంటుంది. సూదితో ఎక్కించినది కొన్ని నెలల నుండి ఏడాది, ఏడాదిన్నర లోపల కరిగిపోతుంది. పొరపాటు జరిగితే కరిగించే విరుగుడు కూడా ఉంది. అలాగని ఇందులో అపాయమే లేదని కాదు. ముఖంలో రక్తనాళంలోకి పోతే చర్మం నల్లబడి చచ్చిపోతుంది, చూపు కూడా పోవచ్చు. అందుకే తెలిసిన డాక్టరే వేయాలి.

అసలు ప్రమాదం రెండో రకంతో ఉంది. అది ద్రవ సిలికాన్ నూనె. శుద్ధి చేసిన సిలికాన్ నూనెను కంటి ఆపరేషన్లలో, రెటీనా ఊడినప్పుడు, డాక్టర్లు వాడతారు. శరీరానికి ఒంపులు తేవడానికి సూదిలో ఎక్కించే సిలికాన్‌కు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఏనాడూ అనుమతి ఇవ్వలేదు. పైగా అలా చేయించుకోవద్దని 2017లో ప్రజలను హెచ్చరించింది. దొంగచాటుగా వేసే సూదిలో శుద్ధమైన సిలికాన్ ఉంటుందన్న నమ్మకం కూడా లేదు. యంత్రాలకు వాడే సిలికాన్, పారఫిన్, ఖనిజ నూనె, చివరకు వంటనూనె వంటివి కూడా ఎక్కించిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. సీసా మీద పేరు ఉండదు. వేసినవారికే అందులో ఏముందో తెలియదు.

ఇది ఈ కాలంలో పుట్టిన పిచ్చి అని కొందరు అంటారు. కాదు. 1899లోనే వియన్నా నగరంలో గెర్సూనీ అనే సర్జన్ పారఫిన్‌ను చర్మం కింద ఎక్కించాడు. తర్వాతి కాలంలో గడ్డలు, పుండ్లు వచ్చి ఆ పద్ధతిని మానుకోవలసి వచ్చింది. రెండవ ప్రపంచ యుద్ధం తర్వాత జపానులో అమెరికా సైనికులను మెప్పించి బతకవలసిన ఆడవారు రొమ్ములకు సిలికాన్ వేయించుకున్నారు. వారు ట్రాన్స్‌జెండర్లు కారు. ఎదుటివాడి కంటికి నచ్చితేనే కూడు దొరికే పరిస్థితి ఎవరికి వచ్చినా, ఆ సూది వారిని వెతుక్కుంటూ వస్తుంది.

లోపలికి పోయిన నూనె ఏం చేస్తుంది?

నూనె పెట్టినచోటే ఉండదు. సూది రక్తనాళంలో గుచ్చుకున్నా, ఒకేసారి ఎక్కువ మోతాదు వేసినా, నూనె బొట్లు రక్తంలో కలిసి గుండె మీదుగా ఊపిరితిత్తులకు చేరి అక్కడి సన్నని నాళాలను మూసివేస్తాయి. చాలావరకు మొదటి మూడు రోజుల్లోనే ఆయాసం, దగ్గు, జ్వరం, ఛాతీనొప్పి, కొందరికి కఫంలో రక్తం కనిపిస్తాయి. ఇంకొందరికి మాట తడబడుతుంది, మగత వస్తుంది. అంటే మెదడుకు కూడా దెబ్బ తగిలిందని అర్థం. ఈ నూనెకు విరుగుడు లేదు. ఆక్సిజన్, అవసరమైతే వెంటిలేటర్, డాక్టర్లు ఇచ్చే మందులు, అంతే. 2005లో ప్రచురించిన ఒక పరిశీలనలో ఇలా ఊపిరితిత్తులు దెబ్బతిన్న 33 మందిలో దాదాపు నాలుగో వంతు మరణించారు.

మొదటి గండం గడిచినవారికి ఏళ్ళ తర్వాత తిప్పలు మొదలవుతాయి. శరీరం ఆ నూనెను పరాయి వస్తువుగా గుర్తించి చుట్టూ గట్టి గడ్డలు కడుతుంది. పిరుదులకు వేసినది తొడల్లోకి, కాళ్ళలోకి జారుతుంది. చర్మం నల్లబడి గట్టిపడుతుంది, పుండ్లు పడతాయి, మాటిమాటికి చీము పడుతుంది. పూర్తిగా తీసివేయడం చాలాసార్లు సర్జన్ల వల్ల కూడా కాదు, ఎందుకంటే నూనె కండలో చొచ్చుకుపోయి ఉంటుంది.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. ఈ గడ్డలు కొందరిలో విటమిన్-డి పనిని పెంచి రక్తంలో కాల్షియం ఎక్కువయ్యేలా చేస్తాయి. దానివల్ల దాహం, పదే పదే మూత్రం, మలబద్ధకం, వాంతులు, నీరసం కలుగుతాయి. మెల్లగా కిడ్నీలు పాడవుతాయి. ఎప్పుడో పదేళ్ళ కిందట సూది వేయించుకున్న మనిషి కిడ్నీ జబ్బుతో వస్తే ఆ సూది సంగతి ఎవరూ గుర్తు చేసుకోరు. చెబితే మాత్రం ఒక చిన్న రక్తపరీక్షతో దారి దొరుకుతుంది.

సూదుల ద్వారా అంటే జబ్బులు వేరు. ఒకే సిరంజితో ఇద్దరు ముగ్గురికి వేస్తే హెచ్.ఐ.వి., హెపటైటిస్ బి, హెపటైటిస్ సి వ్యాపిస్తాయి. మన దేశంలో 2017లో జరిపిన నిఘా పరీక్షల్లో హిజ్రాలు, ట్రాన్స్‌జెండర్లలో నూటికి ముగ్గురికి పైగా హెచ్.ఐ.వి. ఉన్నట్లు తేలింది. అదే ఏడాది మామూలు జనంలో పెద్దవారికి ఉన్నది వెయ్యికి ఇద్దరి లెక్కన. ఈ తేడా అంతా సూదుల వల్లనే అనడం లేదు, అందులో అసురక్షిత లైంగిక సంబంధాల పాలు పెద్దది. కాని ఇప్పటికే బరువు మోస్తున్నవారి మీద మురికి సూది ఇంకొక బరువు. అమెరికాలో న్యూమెక్సికో రాష్ట్రంలో లైసెన్సు లేని ఒక బ్యూటీ స్పాలో 2018లో ముఖానికి సూదులు వేయించుకున్న ఆడవారికి కూడా హెచ్.ఐ.వి. అంటుకుంది.

తెలిసి తెలిసి ఎందుకు వేయించుకుంటారు?

"అందం మీద మోజు" అని ఒక్క మాటలో కొట్టివేయడం సులువు. మన ఇళ్ళలో ఆడపిల్లకు సంబంధం చూడబోయే ముందు తెల్లబడాలని స్టీరాయిడ్ కలిసిన క్రీములు రుద్ది ముఖం పాడుచేసుకున్నవారు ఎంతమంది లేరు? ఆ అమ్మాయిని మోజు అనరు, పాపం అంటారు. ఇక్కడ కూడా అలాగే ఆలోచించాలి. కాకపోతే ట్రాన్స్‌జెండర్ స్త్రీకి రూపం పెళ్ళి సంబంధానికి మాత్రమే కాదు, ఆ పూట తిండికి, ప్రాణభద్రతకు కూడా సంబంధించినది.

రైలు డబ్బాలోకి ఇద్దరు వస్తారనుకోండి. ఒకామె ముఖం నున్నగా, శరీరం ఒంపుగా ఉంది. రెండో ఆమెకు గడ్డం గరుకు ఇంకా కనిపిస్తోంది. మొదటి ఆమెకు పది రూపాయలు ఇచ్చి దండం పెట్టేవారే రెండో ఆమెను "మగోడివి, పని చేసుకోలేవా" అని తిడతారు. పని అడగబోతే ఇచ్చేవారు ఉండరు. అద్దెకు గది అడిగితే స్త్రీలా కనబడేదాకా ఒక రేటు, మాట బయటపడ్డాక ఖాళీ చేయమని గొడవ. ఒళ్ళమ్ముకొని బతికేవారి మధ్య ఈ లెక్క ఇంకా కఠినం. ఎవరు ఆడదానిలా ఉంటే వారికే డబ్బు. మనం చూసే చూపే ఆ సూదికి ధర కడుతోంది.

చట్టం కూడా చాలాకాలం వారిని భయపెట్టింది. నిజాం కాలంలో 1919లో వచ్చిన చట్టం ఒకటి తెలంగాణలో పుస్తకాల మీద మొన్నమొన్నటి దాకా ఉంది. దాని ప్రకారం వారి పేర్లు రిజిస్టరులో ఎక్కించాలి, ఆడవేషంలో వీధిలో కనబడితే వారెంటు లేకుండా పట్టుకోవచ్చు. తెలంగాణ హైకోర్టు 2023 జులైలో దానిని కొట్టివేసింది. అంటే నూరేళ్ళకు పైగా "సగం సగం" కనబడటమే నేరమన్న భయం ఆ సమాజంలో గూడు కట్టుకొని ఉంది. పూర్తిగా స్త్రీలా కలిసిపోతే ఎవరూ పట్టించుకోరు అన్న ఆశ అక్కడి నుండి కూడా వస్తుంది.

ఇక సొంత గుంపు సంగతి. ఇల్లు విడిచి వచ్చిన పిల్లకు గురువే తల్లి, తోటి చేలాలే అక్కచెల్లెళ్ళు. అన్నం పెట్టేది, జ్వరం వస్తే కనిపెట్టుకొని ఉండేది వారే. ఆ ప్రేమను నేను తక్కువ చేయను, మా వార్డులో రాత్రంతా నేల మీద కూర్చొని కాపలా కాసినవారిని చూశాను. అయితే ఆ ఇంట్లో నలుగురు సూదులు వేయించుకొని బాగా కనబడుతుంటే అయిదో ఆమె ఆగలేదు. "నాకేం కాలేదు, నీకూ కాదు" అనే అక్క మాట డాక్టరు మాట కన్నా బలంగా పనిచేస్తుంది. బ్రెజిల్ దేశంలోనూ ఇదే తీరు. అక్కడ ట్రావెస్టీలు అనే వారిలో పెద్దామెలే చిన్నవారికి పరిశ్రమల్లో వాడే సిలికాన్ ఎక్కిస్తారు. డాన్ కూలిక్ అనే పరిశోధకుడు సాల్వడార్ నగరంలో వారి మధ్య ఉండి 1998లో ఒక పుస్తకమే రాశాడు. అమెరికాలో ఇళ్ళల్లో, హోటలు గదుల్లో పదిమంది కూడి ఒకరి తర్వాత ఒకరు వేయించుకుంటారు. దేశాలు వేరైనా, డాక్టరు దగ్గరకు పోలేని మనిషి తన తోటిమనిషి దగ్గరకే పోతుంది.

ఇప్పుడు ఫోను తోడైంది. రోజంతా చిన్న చిన్న వీడియోలు, వాటిలో రంగులు దిద్దిన ముఖాలు. లైకులు వస్తే సంతోషం, కింద ఒక్క వెక్కిరింపు రాస్తే నిద్ర పట్టదు. ఆ వీడియోలో కనబడిన నడుము ఫోను చేసిన మాయ కావచ్చు, లక్షలు పెట్టిన ఆపరేషన్ కావచ్చు. చూసే పిల్లకు ఆ తేడా తెలియదు.

ఖర్చు సంగతి కూడా చూడాలి. నగరంలో మంచి క్లినిక్కులో హయలురోనిక్ యాసిడ్ ఒక మిల్లీలీటరు సిరంజికే వేల రూపాయలు అవుతుంది. పెదవులకు అది చాలు. తుంట్లకు ఒంపు రావాలంటే వందల మిల్లీలీటర్లు కావాలి, ఆ మందుతో అయ్యే పని కాదు. దొంగచాటు నూనెకు కొద్ది వేలు చాలు, ఒక్కసారికే శాశ్వతంగా ఉంటుందని చెబుతారు. శాశ్వతంగా ఉండే మాట నిజమే.

ఆసుపత్రుల పాత్ర కూడా ఉంది, దాచవలసిన పని లేదు. మగ వార్డులో వేయాలా, ఆడ వార్డులో వేయాలా అని గంటసేపు వాదిస్తారు. ఓ.పి. వరుసలో రోగుల బంధువులు మోచేతులతో పొడుచుకొని నవ్వుతారు. చీటీ రాసేవారు పాత మగ పేరును గట్టిగా పిలుస్తారు. ఒకసారి అలా జరిగాక ఆ మనిషి మళ్ళీ ఆసుపత్రి గడప తొక్కదు, ఎవరూ నవ్వని చోటికే పోతుంది. 2023 ఫిబ్రవరిలో నెల్లూరులో ఒక లాడ్జి గదిలో బి.ఫార్మసీ విద్యార్థులు లింగమార్పిడి ఆపరేషన్‌కు దిగితే ఆ రోగి ప్రాణం పోయింది. అది ఫిల్లర్ కేసు కాదు. అయినా డాక్టరు గదికి బదులు లాడ్జి గదికి నడిపించిన కారణాలు రెండింటిలోనూ ఒకటే.

అన్నిటికన్నా ముందు మూసుకునేది ఇంటి తలుపు. "చెల్లెలి పెళ్ళి అయ్యేదాకా ఊళ్ళోకి రాకు" అన్న మాట నేను చాలామంది నోట విన్నాను. ఆ మాట అన్నవారు చెడ్డవారు కారు, పరువుకు భయపడ్డవారు. కాని ఇంటి నుండి ఫోను రాని పిల్లకు వద్దని చెప్పేవారు ఎవరు?

మన విశ్వాసులలో కొందరు ఈ విషయం ఎత్తితే ముఖం చిట్లిస్తారు. యెషయా గ్రంథము 56వ అధ్యాయము, అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయము తీసి మరల చదవండి. మొదటి దానిలో నపుంసకులకు దేవుడు తన మందిరములో చోటును, పేరును వాగ్దానము చేశాడు. రెండవ దానిలో ఐతియొపీయుడైన నపుంసకుని రథము ఎక్కి ఫిలిప్పు పక్కన కూర్చున్నాడు, ఆ ప్రయాణంలోనే అతనికి బాప్తిస్మము ఇచ్చాడు.

ఇంటివారు ఏం చేయాలి?

మీ బిడ్డ ఆయాసంతో ఇంటికి వచ్చినా, తోటివారు ఫోను చేసి చెప్పినా, మొదట అడగవలసిన ప్రశ్న ఒక్కటే. "ఏం సూది ఏసుకున్నవ్ బిడ్డా, ఎప్పుడు ఏసుకున్నవ్?" తిట్టకుండా, ఏడవకుండా అడగండి. తిడితే "ఏం లేదు, జలుబు" అంటుంది. మేము న్యుమోనియా అనుకొని, టి.బి. అనుకొని పరీక్షలు చేస్తూ కూర్చుంటాం. అనంతగిరి శానిటోరియం ఉన్న ప్రాంతం మనది, దగ్గు అంటే ముందు టి.బి. గుర్తుకు రావడం సహజం.

ఒక రాత్రి అలాంటి రోగి వచ్చింది. తోడు వచ్చిన ఇద్దరూ జ్వరమనే చెప్పారు. ఆక్సిజన్ పెట్టినా శాతం పెరగలేదు. దుప్పటి మార్చేటప్పుడు తుంటి మీద వరుసగా సూది గుర్తులు, వాటి మీద అంటించిన దూది కనబడ్డాయి. అందరినీ బయటకు పంపి చెవి దగ్గర మెల్లగా అడిగితే తల ఊపింది. ఆ ఒక్క తల ఊపుతో డాక్టరు గారు అక్కడ ఆగకుండా, వెంటిలేటర్ ఉన్న హైదరాబాద్ పెద్ద ఆసుపత్రికి వెంటనే పంపించారు. బతికింది. రెండు నెలల తర్వాత తల్లితో కలిసి చూపించుకోవడానికి వచ్చింది.

ఆయాసం, ఛాతీనొప్పి, మగత, కఫంలో రక్తం, పెదవులు నీలంగా మారడం, ముఖానికి వేసిన తర్వాత చూపు మసకబారడం, చర్మం తెల్లగా పాలిపోయి నల్లబడటం, వీటిలో ఏది కనబడినా తెల్లవారేదాకా ఆగకూడదు. 108కు ఫోను చేయండి. సీసా, సిరంజి దొరికితే పారవేయకుండా కవరులో వేసి తీసుకురండి. సూది మీ చేతికి గుచ్చుకోకుండా గట్టి డబ్బాలో పెట్టండి.

సూది వేసినచోట వాపు ఉంటే మర్దన చేయవద్దు, కాపడం పెట్టవద్దు. ఆకారం రావాలని గట్టిగా పిసకమని వేసినవారు చెబుతారు. అలా పిసికితే నూనె ఇంకా లోపలికి, ఇంకా దూరానికి పోతుంది. ఊళ్ళో ఆర్.ఎం.పి. చేత గడ్డ కోయించవద్దు. ఎక్కడ ఏ జబ్బుకు ఆసుపత్రికి పోయినా, పిరుదులలో సిలికాన్ ఉందని నర్సుకు ముందే చెప్పాలి. మేము మామూలుగా సూది వేసేచోటే అది ఉంటే, మందు కండకు అందదు, చీము కూడా పట్టవచ్చు. అప్పుడు చేతికి వేస్తాం.

స్త్రీ హార్మోన్ల కోసమని మాలా-డి వంటి గర్భనిరోధక బిళ్ళలు రోజుకు నాలుగైదు మింగేవారు కూడా ఉన్నారు. అవి కాళ్ళ నరాల్లో రక్తం గడ్డకట్టేలా చేయగలవు, పొగతాగేవారిలో మరీ ఎక్కువ. హార్మోన్లు కావాలంటే డాక్టరు పరీక్షించి సరైన మందు, సరైన మోతాదు ఇస్తారు. ఇదే సురక్షితమైన దారి అని తెలిస్తే నూనె సూది వైపు పోయేవారు కొంతైనా తగ్గుతారని నా అభిప్రాయం.

ఎక్కడికి పోవాలి?

ప్రాణాపాయమైతే దగ్గర ఉన్న ఏ ఆసుపత్రికైనా. 2019లో వచ్చిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం వైద్యం విషయంలో వివక్ష చూపరాదని చెప్పింది. హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రి ఏ.ఆర్.టి. సెంటర్‌లో 2022లో ప్రాచి రాథోడ్, రూత్ జాన్ పాల్ అనే ఇద్దరు ట్రాన్స్‌జెండర్ స్త్రీలు డాక్టర్లుగా చేరారు. చదువు పూర్తయినా వారికి ఉద్యోగం దొరకడం ఎంత కష్టమైందో పత్రికల్లో వచ్చింది. నారాయణగూడలో 2021లో మిత్ర్ క్లినిక్ మొదలైంది, అక్కడ పనిచేసేవారిలో ఎక్కువమంది ట్రాన్స్‌జెండర్లే. అమెరికా నుండి వచ్చే నిధులు ఆగిపోవడంతో 2025 మొదట్లో మూతబడింది, తర్వాత సబ్‌రంగ్ పేరుతో మళ్ళీ తెరిచారు. పోయే ముందు విచారించుకొని పోవడం మంచిది. 2024 డిసెంబరులో హైదరాబాద్ నగరంలో 39 మంది ట్రాన్స్‌జెండర్లను ట్రాఫిక్ అసిస్టెంట్లుగా తీసుకున్నారు. ఇది ఆరోగ్య పాఠంలో ఎందుకు అంటారా? నెల జీతం చేతికి వచ్చే మనిషికి రైలు డబ్బాలో ఎవరి కంటికీ నచ్చవలసిన అవసరం ఉండదు.

మా ఆసుపత్రికి వచ్చేవారు చీటీ దగ్గర ఏ పేరుతో పిలవాలో చెప్పవచ్చు. సూది సంగతి డాక్టరుతో, నర్సుతో ఏకాంతంగా మాట్లాడవచ్చు, ఇంటివారికి కూడా ఆమె ఒప్పుకుంటేనే చెబుతాం. ఇంకొకరికి వాడిన సిరంజితో వేశారని అనుమానం ఉంటే 72 గంటల లోపల, ఎంత తొందరగా వస్తే అంత మంచిది, హెచ్.ఐ.వి. రాకుండా 28 రోజులు వాడే మందులు మొదలుపెట్టవచ్చు. గవర్నమెంటు ఏ.ఆర్.టి. సెంటర్లలో ఇవి ఉచితం. హెపటైటిస్ బి టీకా వేయించుకోనివారు వేయించుకోవాలి. మొదటి డోసు వచ్చిన రోజున, రెండవది నెలకు, మూడవది ఆరు నెలలకు.